చీలిన నాలుగో పక్కటెముక

ధన్!

తలుపు అదురుతుంది.

"డాక్టరమ్మా! తలుపు తియ్యండి!"

ఆమె తియ్యదు.

గదంతా చీకటి. స్కాన్‌లు చదివే గది ఇది. బయట ఎండ మండిపోతున్నా ఇక్కడ మాత్రం ఎప్పుడూ అర్ధరాత్రే. ఉన్న కాస్త వెలుతురూ రెండు తెరలది.

ఎడమ తెర మీద నిన్నటి ఊపిరితిత్తులు. నల్లగా, నిండుగా, ఏ మచ్చా లేకుండా.

కుడి తెర మీద ఈ ఉదయం కనిపించినవి. పైభాగంలో తెల్లటి గడ్డ. చుట్టూ ముళ్ళతో, పల్లేరుకాయలా.

రెండింటి మీదా ఒకే పేరు. పాటల మాస్టారిది.

తెల్లారేసరికి మనిషికి ఇంత గడ్డ మొలవదు. మొలిచిందంటే ఎవరో నాటారు!

నిన్న ఆయన స్కాన్ చదివింది తనే. 'ఏమీ లేదు' అని రాసిందీ తనే. "ఊపిరే నా హార్మోనియం, డాక్టరమ్మా... జాగ్రత్తగా చూడండి," అని నవ్వాడాయన.

ఆ రిపోర్టు ఇప్పుడు లేదు. దాని చోట ఇంకోటి ఉంది. 'వెంటనే ఆపరేషన్ అవసరం.' కింద సంతకం... ఆమెదే!

ఆమె పాస్‌వర్డ్ అమ్మ పుట్టినరోజు. ఆ తేదీ తెలిసినవాడు ఈ భవనంలో ఒక్కడే. అమ్మ తమ్ముడు. ఛైర్మన్ గారు. మావయ్య.

మూడో థియేటర్లో, మత్తులో ఉన్న మాస్టారి పక్కన కత్తి పట్టుకుని నిలబడిందీ ఆయనే.

ధన్! ధన్!

తలుపు అవతల ఉన్నవాణ్ణి అందరూ 'గేటు' అంటారు. సెక్యూరిటీ పెద్ద. వాణ్ణి దాటి ఈగ కూడా పోదని ఆ పేరు.

"మీరు సార్ మేనకోడలు కాబట్టి ఇంకా 'అండీ' అంటున్నాను!"

"అనడం మానెయ్. నాకేం నష్టం లేదు!"

పోలీసులకి ఫోన్ చేసింది. దారిలో ఉన్నామన్నారు. థియేటర్‌కి చేసింది. "ఎవరి ఫోనూ ఇవ్వొద్దన్నారు సార్," అంది సిస్టరు.

మళ్ళీ గడ్డ వైపు చూస్తుంది. కాదు... గడ్డ పక్కన ఉన్న ఎముక వైపు.

కుడివైపు నాలుగో పక్కటెముక. చివర రెండుగా చీలి, ఉండేలు కర్రలా. వెయ్యిమందిలో ఏ కొద్దిమందికో ఉంటుంది. కానీ ఈ ఆస్పత్రిలో ఏడాదిగా గడ్డ పేరుతో కోయించుకున్న నలుగురికీ ఉంది! అదే ఎముక. అదే గడ్డ. అవే ముళ్ళు.

ఒక్క స్కాన్. ఐదు పేర్లు.

బొమ్మలో చర్మం, రొమ్ము భాగం కత్తిరించేశారు, ఆడో మగో తెలియకుండా. ఎముకల దాకా ఉంచారు.

లక్షల బిల్లు కోసం నలుగురి ఛాతీలు తెరిచారు. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తుల్ని ముక్కలు కోశారు. ఆ ముక్కల్ని పరీక్షకి పంపకుండా చెత్తసంచిలో కట్టి పడేశారు. ఒకామె లేవనే లేదు.

ఆమె నోట్లో నీళ్ళూరతాయి. వాంతికి ముందు ఊరే నీళ్ళు.

ఎందుకంటే ఆ చీలిన ఎముక ఆమెకి తెలుసు.

అది అమ్మ ఎముక. తన ఎముక ఇలా ఉంటుందని అమ్మే చెప్పింది. అమ్మమ్మకీ ఉండేదట.

అమ్మ ఊపిరితిత్తుల గడ్డతో ఇక్కడే పోయింది. అమ్మ స్కాన్‌లు తెరిచి చూసే ధైర్యం ఆమెకి ఏనాడూ లేకపోయింది.

సొంత అక్క గడ్డని అచ్చులు పోసి పంచుతున్నాడా మావయ్య!

రుజువు కావాలి. పేర్లు మార్చినవాడు ఒకటి మర్చిపోయాడు. ప్రతి బొమ్మ లోపలా, అది ఏ క్షణాన పుట్టిందో యంత్రం ముద్ర వేస్తుంది. ఆ ముద్రతో అసలు స్కాన్‌ని వెతకమని సర్వర్‌ని అడిగింది. కానీ పాతవన్నీ పాత నిల్వలో ఉంటాయి. అక్కడి నుంచి రావాలంటే నత్తనడకే.

'ఎక్కడికి పంపాలి?' అని అడుగుతుంది తెర.

ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. నొక్కుతుంది.

థియేటర్ మూడు.

ధడేల్!

గొళ్ళెం ఊడి ఎగిరిపడుతుంది. గుమ్మంలో గేటు. చేతుల్లో మంటలార్పే ఎర్ర సిలిండర్!

"ఏదమ్మా మీ సాక్ష్యం? ఇదేనా?"

సిలిండర్ లేస్తుంది. దిగుతుంది. కుడి తెర భళ్ళున పగులుతుంది. తర్వాత ఎడమది.

గాజుపెంకులు... చీకటి...

"అయిపోయింది. ఇంకేం చూపిస్తారు?"

"అద్దం పగలగొడితే నీ మొహం పోతుందా రా? బొమ్మలు ఇక్కడుండవు!"

వాడికి అర్థమయ్యేలోపు ఆమె వెనక తలుపు తోసేస్తుంది. సర్వర్ గది. ఎముకలు కొరికే చలి. నల్లటి బీరువాల వరసలు, హోరుమంటున్న ఫ్యాన్లు. ఊళ్ళో సగంమంది ఛాతీలు, వెన్నులు, పుర్రెలు ఈ బీరువాల్లోనే నిద్రపోతుంటాయి.

వెనక అడుగులు!

ఆమె వరసల మధ్యనుంచి దూరి, అవతలి తలుపు తెరుచుకుని బయటపడుతుంది. వెలుతురు కళ్ళలో పొడుస్తుంది. మెట్లు. ఒక చెప్పు జారిపోతుంది. పోనీ!

పై అంతస్తు. పొడవాటి వరండా. గోడ మీద పెద్ద ఫోటో.

మావయ్య! రెండేళ్ళ కిందట, కొత్త స్కానర్ ప్రారంభోత్సవం రోజు. రిబ్బన్ కత్తిరించి, మొదట తనే ఎక్కి పడుకున్నాడు. చొక్కా విప్పలేదు. జేబులోని లావుపాటి పెన్ను కూడా తియ్యలేదు. కెమెరా వైపు పళ్ళన్నీ చూపిస్తున్నాడు. కింద అక్షరాలు... 'మీ ఊపిరే మా ఆశయం'.

ఉమ్మెయ్యాలనిపిస్తుంది. ఆగే వ్యవధి లేదు.

థియేటర్ మూడు. భుజంతో తోస్తుంది.

తెల్లటి దీపాల కింద ఆకుపచ్చ గుడ్డ. గుడ్డ మధ్యలో నలుచదరంగా మాస్టారి ఛాతీ. పసుపు మందు పూసి, గీత గీసి, సిద్ధంగా.

మావయ్య చేతిలో కత్తి.

"ఆపు మావయ్యా!"

ఆయన తలెత్తుతాడు. మాస్కు పైన కళ్ళు మాత్రమే.

"వీధిచెప్పుతో థియేటర్లోకా! చదువుకున్నదానివి, శుభ్రం అక్కర్లేదూ?"

"శుభ్రం గురించి నువ్వు మాట్లాడకు! ఆయనకి ఏ జబ్బూ లేదు. నిన్న నేనే చూశాను."

"పొద్దున నువ్వే మార్చి రాశావు. సంతకం నీదే కదే కోడలు పిల్లా?"

దగ్గుతాడు. ఈ మధ్య అదే పనిగా దగ్గుతున్నాడు. అడిగితే ఏసీ పడట్లేదంటాడు.

మత్తు డాక్టరు తన గొట్టాల వెనక నుంచి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు. సిస్టరు చేతిలోని పళ్ళెంలో కత్తెరల్ని సర్దిందే సర్దుతోంది.

"ఆ గడ్డ అమ్మది!"

ఆమె ఇంకో అడుగు ముందుకి వేస్తుంది.

"నాలుగో ఎముక చూశాను. నిన్ను ఎత్తుకుని పెంచిన అక్క! ఆమె పోయాక ఆమె గడ్డని తీసి ఐదుగురికి అంటగట్టావు!"

మావయ్య రెండడుగులు దగ్గరికి వస్తాడు. గొంతు తగ్గిస్తాడు. అన్నం తినిపించేటప్పటి గొంతు అది.

"ఎవరిదో నాకు తెలియదమ్మా. మంచి గడ్డ ఒకటి కావాలని కంప్యూటర్లు చూసే సిస్టమ్స్ వాణ్ణి అడిగాను. పాతవాటిలో ఏదో పేరులేనిది దొరికిందన్నాడు. అక్కదే అయితే మాత్రం ఏమైంది? పోయినవాళ్ళకి నొప్పి ఉంటుందా?"

"ఉన్నవాళ్ళకి?"

"ఒక ముక్క పోతే చచ్చిపోతారా ఏంటి!"

"ఒకామె చచ్చిపోయింది!"

"వయసైపోయింది."

అంతే. అంత తేలిగ్గా. చొక్కా మీద దుమ్ము దులిపినట్టు.

ఈ చేతుల మీదుగానే తను పెరిగింది. ఈ చేతులే తొలిసారి తన మెడలో స్టెతస్కోపు వేశాయి. ఇప్పుడు, అవి తనని ఒకప్పుడు తాకాయన్న తలపుకే ఒళ్ళంతా కడుక్కోవాలనిపిస్తుంది.

వెనకనుంచి ఒక పిడికిలి ఆమె జబ్బ పట్టుకుంటుంది. గేటు! రొప్పుతున్నాడు.

"బయటికి తీసుకెళ్ళు," అంటాడు మావయ్య. బల్ల వైపు తిరుగుతాడు. "సిస్టర్, మొదలెడదాం."

"వద్దు! మాస్టారూ!"

మత్తులో ఉన్న మనిషికి వినిపించదు. కత్తి మొన గీత మీద ఆనుతుంది. చర్మం లోపలికి నొక్కుకుంటుంది...

టింగ్!

గోడ మీది పెద్ద తెర వెలుగుతుంది.

అందరి తలలూ అటు తిరుగుతాయి. కత్తి ఆగుతుంది.

పాత నిల్వ నుంచి అసలు స్కాన్ దిగుతోంది. పైనుంచి కిందికి, వరస వెంట వరస. మెడ... భుజాలు... కత్తిరింపు లేని నిండు ఛాతీ.

కుడివైపు చీలిన ఎముక. దాని పక్కన గడ్డ.

ఎడమవైపు... రొమ్ము మీద... తెల్లగా, నిలువుగా, లావుగా ఒక గీత.

పెన్ను!

అమ్మ ఎముక. అమ్మమ్మ ఎముక. అమ్మమ్మ కన్నది అమ్మనొక్కదాన్నే కాదు!

అడుగున అక్షరాలు వెలుగుతాయి.

పేరు: లేదు.
కారణం: ప్రారంభోత్సవం.
రిపోర్టు: లేదు.

మాస్టారి గుండె చప్పుడు ఒక్కటే యంత్రంలో కొట్టుకుంటోంది.

"సార్..." గేటు గొంతు పీలగా వస్తుంది. "అది... మీ పెన్ను కదా సార్?"

వాడి పిడికిలి వదులవుతుంది.

"మిషన్ పొరపాటు!" అంటాడు మావయ్య. "ఎవడో కావాలని..."

మాట పూర్తి కాదు. దగ్గు. వంగిపోయి దగ్గుతాడు. తెల్లటి మాస్కు మీద, లోపలి నుంచి, ఎర్రటి చుక్క ఒకటి పుడుతుంది. మెల్లగా విచ్చుకుంటుంది.

"ఆడంబరానికి తీయించుకున్న స్కాన్ మావయ్యా. ఎవరూ చదవలేదు," అంటుంది ఆమె. రిపోర్టు చదివే గొంతు. వణుకు లేదు. "అప్పుడు ఉసిరికాయంత. ఒక్క ముక్క కోస్తే పోయేది. నీ గడ్డని నలుగురిలో వెతికావు. నీలో ఒక్కసారి వెతకలేదు."

కత్తి నేల మీద పడి ఖంగుమంటుంది.

మత్తు డాక్టరు చెయ్యి చాచి మత్తుమందు ఆపేస్తాడు. "మాస్టార్ని లేపేస్తున్నాను. ఈ కోత నేను చూడను."

కింద ఎక్కడో సైరన్. దగ్గరవుతోంది.

మావయ్య గోడకి జారబడతాడు. మాస్కు లాగి పారేస్తాడు. గడ్డం మీద రక్తం. కళ్ళు తెర మీద, ఆ పల్లేరుకాయ మీద అతుక్కుపోయాయి.

"సార్, ముందు పడుకోండి," సిస్టరు పక్కనున్న స్ట్రెచర్ లాగుతుంది. "ఇక్కడే వెంటనే ఇంకో స్కాన్ తీయించి..."

"వద్దు!"

ఆ కేకకి సిస్టరు పళ్ళెం జారిపోతుంది. ఆయన చేతులతో, మడమలతో స్ట్రెచర్ నుంచి వెనక్కి పాకుతున్నాడు.

"ఇక్కడొద్దు! నన్ను ముట్టుకోకండి! వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళండి... ఇక్కడ దొంగనాకొడుకులున్నారే!"