నలభై ఒక్క జవాబులు

ఎనిమిదయ్యేసరికి తప్పులు రావడం మొదలైంది. కౌముది కాఫీ గ్లాసు పక్కన పెట్టి కంప్యూటరు ముందుకు జరిగింది. మూడో అంతస్తు కిటికీ బయట ఎగురుబండ్లు పాలూ మందులూ మోసుకుంటూ బారులు తీరి పోతున్నాయి. వాటిని నడిపేవాళ్ళు లేరు, పలకరించేవాళ్ళూ లేరు.

మొదటి తప్పు ఒక పాత రైల్వే గేటు దగ్గర్నుంచి వచ్చింది. "వంటింట్లో ఉన్నానమ్మా. చింతపండు నానేశాను." రెండోది నౌపడ ఉప్పుమళ్ళలో పంపు కాపలా కాసే సన్యాసిరావుది. "షెడ్డులోనే ఉన్నాను తల్లీ. కాలు నొప్పి తగ్గింది. గట్టుమీదికి కొంగలొచ్చినాయి."

నిజానికి వాళ్ళు తెరమీది జవాబు గడిలో రాయవలసింది అక్షాంశం, రేఖాంశం. రెండే రెండు అంకెలు.

పుడమిపటం మీద ఉన్న చోటికే ఎగురుబండి వస్తుంది. రోజూ పొద్దున్నే తన ఉనికి చెప్పుకోని చోటు మూడో రోజున పటంలోంచి చెరిగిపోతుంది. ఆ తర్వాత అక్కడికి బియ్యం రావు, తాగేనీళ్ళు రావు. చేతిపలకలున్న వాళ్ళకి ఈ బెడద లేదు, పలకే ఆ పని చూసుకుంటుంది. చిక్కల్లా 'అరుగు' అనే పాత వ్యవస్థతో నడిచే బల్లకంప్యూటర్లది. అందరూ పట్నాలకు తరలిపోయాక కూడా పనికోసం ఎక్కడెక్కడో మిగిలిపోయిన కాపలాదార్ల దగ్గర అవే ఉన్నాయి. మొండి ఘటాలు, పాడవ్వవు.

పుడమిపటాన్ని నడిపే ప్రోగ్రాము మూలరాత అందరిదీ, ఎవరైనా తీసి సరిచేసుకోవచ్చు. మూడేళ్ళ క్రితం కౌముది దాన్ని తీసుకుని ఒంటిచేత్తో అరుగుకి అమర్చింది. బల్లకంప్యూటరుకి తానెక్కడుందో తెలియదు కనక మనిషినే అడగాలి. మూలంలో "స్థాన నిర్దేశాంకములను నమోదు చేయుము" అని ఉండేది. అది చూసి ఒక్కరూ ఒక్క ముక్కా రాయలేదు. కౌముదికి విసుగొచ్చి "ఎక్కడున్నారండీ?" అని మార్చింది. మన జనాన్ని అలా అడిగితే ఊరుకుంటారా? కూర దగ్గర్నుంచి కాలునొప్పి దాకా రాశారు. అంకెలు కావు కాబట్టి యంత్రం వాటన్నిటినీ తప్పులుగా జమకట్టి మరమ్మతుకని కౌముదికి పంపేది. ఆమె ఒక్కొక్కటీ చదివి, వాళ్ళ అంకెలు తనే వేసి, నలభై ఒక్క చోట్లనూ పటంమీద నిలబెట్టేది. ఆమె వాళ్ళకి తిరిగి జవాబు రాసే వీలు ఆ గడిలో లేదు. అయినా ఆ గంటసేపూ ఆమెకు ఇంట్లో మనుషులున్నట్టే ఉండేది.

ఆ రోజు, పుడమిపటం బాగోగులు చూసే పటసభ కార్యదర్శి జోసెఫ్ రత్నం తెరమీదికి వచ్చాడు.

"కౌముదిగారూ, అరుగు వాళ్ళందరికీ ఉనికిగింజలు పంపించాం. కంప్యూటరుకి తగిలిస్తే చోటు అదే చెప్తుంది. ఇక మీ ప్రశ్న తీసేయండి."

"గింజ పనిచేయకపోతే అడగడానికైనా ఉంచుదామండీ."

"అన్ని వ్యవస్థల్లోనూ ఒకటే రాత ఉండాలి. సాయంత్రంలోగా తీయకపోతే అరుగునే పటం నడిచే వ్యవస్థల జాబితాలోంచి తీసేయాల్సొస్తుంది. అయినా రోజూ నలభై ఒక్క తప్పులు చేత్తో దిద్దడం మీకు మాత్రం శ్రమ కాదూ?"

శ్రమ కాదని చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. ఎవరివో కబుర్లకోసం తను కాచుక్కూర్చుంటోందని ఎలా చెప్తుంది? ఈ ఒంటరితనం తనొక్కదానిదే అనుకుంది. ప్రశ్న తీసేసింది.

మర్నాడు పటంమీద నలభై ఒక్క చోట్ల చుక్కలూ పచ్చగా వెలిగాయి. ఒక్క తప్పూ రాలేదు. ఎనిమిదింటికి ఆమె అలవాటుగా కుర్చీలో కూర్చుంది, తొమ్మిదింటికి లేచింది. వారం రోజులు అలాగే గడిచాయి. ఇంత దిగులు ఆమె ఎన్నడూ ఎరగదు.

తొమ్మిదో రోజు నౌపడ చుక్క లేదు. మూడు రోజుల క్రితమే గింజ ఊడబెరికినట్టు యంత్రం రాసి పెట్టింది.

"ఇంకో గింజ పంపిద్దామంటే ఆ చోటు పటంలో లేదండీ," అన్నాడు రత్నం ఇబ్బందిగా. "ప్రశ్నతోపాటే మీరు చేత్తో అంకెలు వేసే దారీ పోయింది. ఎవరైనా మనిషే వెళ్ళాలి."

కౌముది నీళ్ళ సీసాలూ రొట్టెలూ సంచిలో వేసుకుని బయల్దేరింది. ఆమె ఎక్కిన బండి పటంలో దారి ఉన్నంతవరకే నడిచి ఉప్పుమళ్ళ మొదట్లో ఆగిపోయింది. అక్కణ్ణుంచి గట్టువెంట మూడు కిలోమీటర్లు ఎండలో నడిచింది.

సన్యాసిరావు షెడ్డులో కంప్యూటరు ఎదురుగా స్టూలుమీద కూర్చుని ఉన్నాడు. అరవయ్యేళ్ళుంటాయి. పెదాలు ఎండి పగిలాయి. ఆ రోజు రావలసిన నీళ్ళు రాక కుండ బోర్లించి ఉంది.

"బాబాయ్, నేను కౌముదిని. ఆ ప్రశ్న రాసింది నేనే."

ఆయన కళ్ళు చికిలించి ఆమె ముఖంలోకి చూశాడు.

"నువ్వా తల్లీ? మనిషివే అన్నమాట! ఈ గింజొచ్చి నా బదులు అదే చెప్పీడం మొదలెట్టింది. పీకీసినాను. పీకీస్తే మళ్ళీ అడుగుతావనుకున్నాను. మూడ్రోజులు ఇక్కడే కూకున్నాను. అడగలేదు. ఏటి తప్పు రాసీసినానో, నీకు కోపమొచ్చీసిందేమో అనుకున్నాను."

"మీ తప్పేం లేదు బాబాయ్. నేనే తీసేశాను."

"ఎందుకు తల్లీ?"

ఆమె చేతిపలక తీసి పటం చూసింది. పొద్దుట్నుంచి మరో ఏడు చుక్కలు ఆరిపోయాయి. ఏడుచోట్లా గింజలు ఊడబెరికినట్టే ఉంది. ఒకటి కొండమీద, ఒకటి లంకలో, మిగతావి ఇంకా దూరం. అన్నిచోట్లకీ నడిచి వెళ్ళడానికి ఆమె ఒక్కతే.

"గింజ పెట్టెయ్యండి బాబాయ్," అంది. "సాయంత్రానికి నీళ్ళొస్తాయి."

ఆయన చొక్కా జేబులోంచి గింజ తీశాడు. కంప్యూటరుకి తగిలించకుండా గుప్పెట్లో పట్టుకున్నాడు.

"పెడతాను. పెట్టీగానే నువ్వెళ్ళిపోతావు కదా?"

కౌముది సీసా మూత తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగలేదు. ఆమె ఏం చెప్తుందా అని చూస్తున్నాడు.