ఒక్కటే టికెట్టు

ఆ ఇంట్లో బాత్రూమ్ గడియ ఊడి చాలా కాలమైంది. వడ్రంగి రేపొస్తానంటాడు. ఆ రేపు మాత్రం రాదు. అందుకని లోపలున్నవాళ్లు ఏదో ఒకటి పాడుతూ ఉండాలని ఇంటాయన రూలు పెట్టాడు. పాట ఆగితే ఖాళీ అయినట్టు లెక్క. పళ్లు తోముకుంటూ పాడటం ఎంత నరకమో పడ్డవాళ్లకే తెలుస్తుంది.

ఆ ఆదివారం పొద్దున ఇల్లాలు పాడిన పాట ఎవరికీ అర్థం కాలేదు.

"అదేం పాటే? ఎవర్నో తిడుతున్నట్టుంది!" అంది అత్తగారు బయట నుంచి.

"రాక్ అత్తయ్యా. మధ్యాహ్నం ఈ పాట పాడే బ్యాండు లైవ్ షో ఉంది. వెళ్తున్నా. టికెట్టు కొనేశాను."

ఇంటాయన పేపరు దించాడు. "ఎన్ని?"

"ఒక్కటి."

ఇల్లు ఆపరేషన్ గది బయటి వరండాలా అయిపోయింది.

ఆవిడ రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. రోజంతా "చీమ కుట్టినట్టుంటుందంతే" అని జనానికి సూదులు గుచ్చుతుంది. మధ్యమధ్యలో ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, సొంతంగా పాటలు కట్టుకుని చిన్న చిన్న హాళ్లలో వాయించే ఆ బ్యాండు కుర్రాళ్లు నలుగుర్నీ వింటుంది. ఇంటాయనది బీమా ఆఫీసు. జరగని ప్రమాదాల్ని ఊహించడానికే ఆయనకు జీతమిస్తారు.

"తొక్కిసలాటైతే? కరెంటు పోతే? పక్కవాడు తాగి మీద పడితే?"

"నేనేమైనా అన్నానేమో. మనసులో పెట్టుకోకమ్మా," అంది అత్తగారు. ఏమన్నదో ఆవిడకే గుర్తు లేదు.

"అమ్మా, నాన్నతో గొడవా?" అంది కూతురు, ఫోన్‌లోంచి తలెత్తకుండా.

"గొడవేం లేదే! నాకు వినాలనుంది. అంతే!"

"దానికి ఒంటరిగా వెళ్లాల్సిన ఖర్మేంటి? మేమంతా లేమా?"

"ఒంటరిగా కాదండీ. ఒక్కదాన్నే."

"రెండూ ఒకటేగా!"

ఆవిడ చెప్పబోయింది. ఈలోగా అత్తగారి బీపీ మాత్ర, కూతురి ఇస్త్రీ బట్టలు, ఆయన కళ్లజోడు వరసగా కనపడకుండా పోయాయి. అన్నీ వెతికిచ్చేసరికి చెప్పాల్సింది ఎక్కడో జారిపోయింది.

మధ్యాహ్నం షో జరిగే హాల్లో రెండో పాట మొదలైంది. ఆవిడ స్టేజీకి దగ్గరగా నిలబడి కళ్లు మూసుకుంది. డ్రమ్ము గుండెలో మోగుతోంది. అంతలో ఎవరో భుజం తట్టారు.

ఇంటాయన! రెండు చెవుల్లో దూది, ఒక చేతిలో నీళ్లసీసా, ఇంకో చేతిలో స్వెట్టరు.

"ఏసీ ఎక్కువుంది! వేసుకో!"

"మీరెందుకొచ్చారు? భోంచేశారా? ఈ మోతకి తలనొప్పొస్తుంది మీకు, మాత్ర తెచ్చుకున్నారా?"

అడిగేశాక ఆవిడకు తన గొంతు తనకే వినపడింది. పాట అయిపోయింది. చుట్టూ చప్పట్లు. ఆయన చొక్కా పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"మీరు నన్ను చూసుకోడానికొచ్చారు. మీరు కనపడగానే నేను మిమ్మల్ని చూసుకోవడం మొదలెట్టాను. పాట అయిపోయింది! ఎవరూ లేకపోతే ఒంటరి. ఎవర్నీ చూసుకోనక్కర్లేకపోతే ఒక్కదాన్నే. పెళ్లయ్యాక ఆ రెండోది నాకెప్పుడైనా దొరికిందా?"

ఆయన ఒక చెవిలో దూది తీశాడు. "ఏమన్నావ్?"

ఆవిడ మళ్లీ చెప్పింది. రెండోసారి అరవలేకపోయింది, ఏడుపొచ్చింది.

ఆయన రెండో చెవిలో దూది కూడా తీశాడు. రెండు దూది ఉండల్నీ జేబులో వేసుకున్నాడు.

"లోపలికి పో. నేనింటికెళ్తా." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు, జాగ్రత్త అనబోయి నోరు మూసుకున్నాడు. ఆయన జీవితంలో అంత కష్టమైన పని ఇంకోటి చేయలేదు.

చీకటి పడే వేళకు ఆవిడ చెదిరిన జుట్టుతో, పోయిన గొంతుతో తిరిగొచ్చింది. ఆయన తలుపు తీసి పక్కకు జరిగాడు. ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి ఆవిడే చెప్పింది.

"చివరి పాటకి ఎగిరానండీ. నిజంగా ఎగిరాను."

ఆయన కళ్లు తుడుచుకుని, జలుబన్నాడు.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. అంతా విన్న అత్తగారు నెమ్మదిగా అంది: "ఒరేయ్, నాకూ ఒక టికెట్టు కొను. ఈ ఇంటికి కాపురానికొచ్చిన రోజు కూడా నా వెంట పదిమందున్నార్రా. ఒక్కదాన్నే ఎక్కడికీ పోలేదు."

"ఎక్కడికమ్మా?"

"నాకేం తెలుసు? ఎప్పుడైనా వెళ్తేగా!"

అయ్యా, అమ్మా, చదివేవాళ్లూ! పెద్దావిడకు మోకాళ్ల నొప్పి, ఎవరూ వెంట రాకూడదంటోంది, ఎక్కడికో ఆవిడకే తెలీదు. ఎక్కడికి పంపమంటారు? మీ కాళ్లు పట్టుకుంటాం, కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.