మలాజ్ జనానా హాల్లో డప్పు

దేవుడి మీద భారం వేసి వినండి. రియాద్‌లో మలాజ్ వైపు ఒక పాత పెళ్ళిమహలు ఉండేది. పొద్దుగూకితే టాక్సీవాళ్ళు కూడా దాని ముందు బండి ఆపేవారు కాదు. మూసిన హాల్లో డప్పులు మోగుతాయట...

ఒకప్పుడు అది ఎంత వైభోగం చూసిందనుకున్నారు! ఎక్కడో దూరాన ఉన్న హుఫూఫ్ ఊరి నుంచి కూడా పెళ్ళివారు దిగేవారు. మగవాళ్ళకో హాలు, ఆడవాళ్ళకో జనానా హాలు. ఆడవాళ్ళ వైపు పాటకత్తెలు తెల్లవారుజామున మసీదులో బాంగు వినిపించే దాకా డప్పు కొట్టి పాడేవారు. ఒక చలికాలం, డప్పులు కాగబెట్టే బొగ్గుల కుంపటి పక్కన తలుపులు మూసుకుని కునుకు తీసిన పెద్ద పాటకత్తె — మళ్ళీ లేవలేదు. మహలు మూతపడింది.

తొమ్మిదేళ్ళకు, 2004 జనవరిలో, దాన్ని మళ్ళీ తెరవబోయారు. కరెంటు పనికి వచ్చినవాడు ఆర్మూరు లింబాద్రి. లింబాద్రి గుట్ట మీది నరసింహస్వామి పేరు పెట్టుకున్న భక్తుడు. "తెల్లారేసరికి దీపాలు వెలగాలి. అప్పుడే నీ చుట్టీ కాగితం మీద సంతకం" అన్నాడు అతన్ని పనికి తెచ్చుకున్న యజమాని, కఫీల్. ఆ సెలవు దొరికితేనే ఇంటికి పోవడం. ఇంటి దగ్గర బిడ్డ స్వర్ణకు మూడేళ్ళు. ఆ పిల్లను అతను ఇంకా ఎత్తుకోనే లేదు.

మహలు కాపలావాడు సర్దార్ — మహబూబ్‌నగర్ మనిషి — గడప దగ్గరే ఆగిపోయాడు.

"జనానా హాలన్నా, నేను రాను. నువ్వే పోయి ఆమెతోని ఒక పాట పాడించుకో!"

"పాడనీ తియ్. నాలుగేండ్ల సంది ఫోన్ల పెండ్లాం తిట్లే నాకు పాటలు."

లోపల ఎముకలు కొరికే చలి. మూలన పాత కుంపటి, సంచిలో బొగ్గులు కనిపించాయి. లింబాద్రి తలుపు మూసి, కుంపటి రాజేశాడు. ఆమె ఎలా పోయిందో అతనికి ఎవరూ చెప్పలేదు మరి!

టార్చి వెలుతురులో వైర్లు విప్పుతుంటే రెప్పలు బరువెక్కాయి... చేతిలోంచి పటకారు జారింది...

ధబ్... ధబ్...

స్టేజీ మీద డప్పు. తడిసిన తోలులా, మొద్దుగా. తాతల నాటి నుంచి డప్పు కొట్టిన ఇంట్లో పుట్టినవాడు — భయపడాల్సింది పోయి, ఒళ్ళు మండింది అతనికి.

"గట్లెట్ల కొడ్తవ్ తల్లీ! తోలు సడలింది. జర నిప్పుల మీద కాగబెట్టు!"

డప్పు ఆగిపోయింది.

చెవి పక్కనే అరబ్బీలో గుసగుస — నిప్పు వద్దు... నిప్పు వద్దు...

మంచులాంటి చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టి ఈడ్చింది. తలుపు... మెట్లు... ఇసుక. "నర్సింహస్వామీ!" — అంతే అనగలిగాడట.

బాంగు వేళకు సర్దార్ వచ్చి కుదిపి లేపాడు.

"బొగ్గులు రాజేసి తలుపు మూస్తరా అన్నా? ఆమె గట్లనే పాయె! అల్లా దయ, బయటికొచ్చి పడ్డవ్. లే, కఫీల్ వచ్చిండు. ఖుష్ అయి సంతకం పెడ్తున్నడు."

"ఎందుకు? పని సగంల ఉండె గదా..."

సర్దార్ నవ్వి లోపలికి వేలు చూపించాడు. హాలు నిండా దీపాలు — నడిమి షాండ్లియర్‌తో సహా, ధగధగా...

లింబాద్రి మెల్లగా జేబులో చెయ్యి పెట్టాడు. పని మొదలుపెట్టే ముందు తన చేత్తో పీకి దాచుకున్న మెయిన్ ఫ్యూజు... ఇంకా అక్కడే ఉంది.