టిగ్ కనుమ దాటిన రోజు

చర్చి ముందు బండి ఆగగానే ఫెర్గస్ కుక్క టిగ్ కిందికి దూకింది. దూకీ దూకగానే, ఎదురుగా నిలబడ్డ అమ్మాయి బూట్ల మీద పొద్దున తిన్నదంతా కక్కేసింది.

"అయ్యో, క్షమించండి!" ఫెర్గస్ జేబురుమాలు తీశాడు.

"క్షమాపణ నాకెందుకు? దానికి చెప్పండి," అందామె, కుక్క చెవులు నిమురుతూ. "బయల్దేరే ముందు ఏం పెట్టారు?"

"మాంసం ముక్క. మా అమ్మ ప్రార్థన చేసి మరీ పెడుతుంది."

"ప్రార్థన మంచిదే. ముక్కతోనే వచ్చింది తంటా."

ఆమె పేరు టామ్సిన్. గొర్రెల కొట్టాలు తిరుగుతూ ఉన్ని నాణ్యం తేల్చే పని ఆమెది. ఆమె ముసలి కుక్క కూడా ఒకప్పుడు ప్రతి మలుపులోనూ కక్కేదట.

ఫెర్గస్ గోడు వెళ్ళబోసుకున్నాడు. ఇంటి దగ్గర టిగ్‌ని మించిన కుక్క లేదు. కనుమ అవతల గొర్రెల్ని తోలే కుక్కల పందేనికి తీసుకెళ్తే మాత్రం చొంగ కార్చుకుంటూ పడుకుంటుంది. పోయిన రెండేళ్ళూ అంతే. "మూడోసారీ పడుకుంటే మైదాన ప్రాంతంలో ఉన్న మా తమ్ముడికి ఇచ్చేస్తా" అని నాన్న తేల్చేశాడు.

"పందెం ఎప్పుడు?"

"వచ్చే నెల."

"చాలు. రేపు సాయంత్రం వస్తాను. బండి మాత్రం కదపకండి."

"కదలని బండిలో ఏం చేస్తాం?"

"కూర్చుంటాం. మీకేమన్నా అభ్యంతరమా?"

ఫెర్గస్‌కి ఏ అభ్యంతరమూ లేదు.

మొదట ఊరికే కూర్చున్నారు. తర్వాత ఇంజను వేసి కూర్చున్నారు. టిగ్ ఆవులించడం, మూతి నాక్కోవడం మానేశాక గేటు దాకా వెళ్ళారు, ఆపైన ఏటి ఒడ్డు దాకా. అక్కడ టిగ్ నీళ్ళలో ఆడుకునేది. బండెక్కితే ఆట ఉంటుందని దానికి అర్థమైంది. వెనక తొట్టెలో కాకుండా సీటు మీద ముందుకు చూసేలా పట్టీతో కట్టి, అద్దం కొంచెం దించేవారు.

"ఇంత చేసినా కక్కితే?"

"పశువుల డాక్టరు మాత్ర ఇస్తాడు. మనుషుల మాత్ర నీ అంతట నువ్వు వేసెయ్యకు."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

పందెం రోజు టామ్సిన్ వచ్చేసరికి ఫెర్గస్ తల్లి, ఎల్స్‌పెత్, వేయించిన ముక్కతో గుమ్మంలో నిలబడి ఉంది. టిగ్ తోకాడిస్తోంది.

"వద్దమ్మా! రాత్రి తిన్నది చాలు దానికి."

"ఖాళీ కడుపుతో పనికి పంపుతావురా? మా అమ్మ కాలం నుంచీ ప్రార్థన చేసి పెట్టే పంపాం. దేవుడి పేరు చెప్పి పెట్టింది చేటు చేస్తుందా?"

ఫెర్గస్ టిగ్ పట్టీ పట్టుకుని వెనక్కి లాగాడు.

టామ్సిన్ మెల్లగా అంది: "ఆంటీ, ప్రార్థన ఇప్పుడే చెయ్యండి. ముక్క మాతో పంపండి, పందెం అయ్యాక పెడతాను. ముక్క చల్లారుతుంది గానీ ప్రార్థన చల్లారదు కదా?"

ఎల్స్‌పెత్ ఆ పిల్ల వైపు చాలాసేపు చూసింది. టిగ్ తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. తర్వాత డబ్బా కట్టడానికి లోపలికి వెళ్ళి, ఎందుకో కాస్త ఆలస్యంగా వచ్చింది.

కనుమ దారిలో ఫెర్గస్ నిదానంగా నడిపాడు. దేవుడికి అప్పగించాక కూడా మన జాగ్రత్త మనం పడాలా? ఆ జాగ్రత్త పడే బుద్ధి ఇచ్చిందీ ఆయనేనేమో అనుకున్నాడు. శిఖరం దగ్గర ఆగి టిగ్‌ని కాసేపు నడిపించారు. మళ్ళీ బండెక్కేసరికి సన్నగా వాన.

"ఎప్పుడూ ఇంత మెల్లగానే నడుపుతావా?"

"టిగ్ ఉంటే."

"టిగ్ లేకపోతే?"

"నువ్వుంటే."

"అయితే ఇంకా మెల్లగా నడుపు," అంటూ టామ్సిన్ అద్దం ఇంకాస్త దించింది.

అవతల టిగ్ పొడి మూతితో దిగింది. ఈల వినగానే చాపకింద నీరులా సాగి, మూడు గొర్రెల్నీ దొడ్లోకి తోలింది. వచ్చింది నాలుగో స్థానమే. ముందే వచ్చి కంచె దగ్గర నిలబడ్డ నాన్న టోపీ సర్దుకుని, "తమ్ముణ్ణి వేరే కుక్కని చూసుకోమంటాలే" అన్నాడు.

డబ్బా విప్పి టామ్సిన్ ముక్కని టిగ్‌కి పెట్టింది. అడుగున కాగితంలో రెండు కేకు ముక్కలు.

"విచిత్రంగా ఉందే," అన్నాడు ఫెర్గస్. "అమ్మ నాకెప్పుడూ ఒకటే కడుతుంది."

టామ్సిన్ రెండోది తీసుకుంది. "వచ్చే ఏడు కూడా రెండే కట్టమని చెప్పు."