గురువారం మాట్లాడే బావి

నేపుల్స్‌లో దీపాలవాళ్ల సందులో ఎవర్నైనా అడిగి చూడండి, చీకటి పడ్డాక ఆ పాడుబడ్డ మేడ వాకిట్లోకి అడుగు పెడతారా అని. చచ్చినా పెట్టరు. గురువారం మాత్రం పెడతారు — గుంపుగా, వణుకుతూ, చేతిలో పెన్సిలు పట్టుకుని.

వాకిట్లో, వెనక గోడకి దగ్గరగా ఒక రాతి బావి. ఒర మీద సింహం తల చెక్కి ఉంటుంది, ఆ సింహానికి ముక్కు ఊడిపోయింది. బావిలో చుక్క నీళ్లు లేవు. సందులో అందరికంటే పెద్దావిడ బెత్తీనా; ఆవిడ పుట్టకముందే ఎండిపోయిందట. ఇలాంటి పాత బావుల్లో బుల్లి సన్యాసి అనే దెయ్యం కాపురముంటుందని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. పొట్టిగా, నెత్తిన ముసుగేసుకుని తిరుగుతుంది. మనిషి నచ్చితే మేలు చేస్తుంది, నచ్చకపోతే చెప్పులు దాచేస్తుంది.

కానీ ఈ బావిలోది చెప్పులు దాచే రకం కాదు. ఇది మాట్లాడుతుంది...

ప్రతి గురువారం, రాత్రి భోజనాలయ్యాక. అడుగు నుంచి ఒక మగ గొంతు... బొంగురుగా, ఎవరికో జవాబు చెబుతున్నట్టు —

"శవం కిందే ఉంది..."

ఆ తర్వాత —

"పెళ్లాన్ని నమ్మొద్దు... కాఫీలో కలిపింది ఆవిడే..."

ఆ మాట విన్న మర్నాటి నుంచి మాంసం కొట్టు సబాతీనో ఇంట్లో కాఫీ ముట్టడం మానేశాడు. "ఇన్నేళ్లూ నా చేతి కాఫీ తాగే ఇంత ఒళ్లు చేశావు కదయ్యా!" అని భార్య రొసారియా వీధి వీధంతా వినేలా కేకలేసింది. అయినా సరే, అతను గుక్కెడు తాగితే ఒట్టు.

అప్పుడప్పుడు బావి అంకెలు కూడా చెబుతుంది. "నలభై ఏడు... కాదు కాదు, నలభై ఎనిమిది..." అంకెలు చెప్పే దెయ్యం దొరికాక ఆ ఊరివాళ్లు ఇంట్లో ముడుచుకుని కూర్చుంటారా? కలలో ఏది కనిపించినా లాటరీలో దానికో అంకె ఉన్న ఊరది. అందుకే పెన్సిళ్లు.

దెయ్యాన్ని ఊరికే అడిగితే మర్యాద కాదని బెత్తీనా పళ్లెం నిండా తరాల్లి పెట్టేది. మిరియాలూ బాదంపప్పూ వేసి కాల్చిన కరకరలాడే చుట్టలవి. ఆ సందులో ప్రతి బాల్కనీకీ తాడు కట్టిన బుట్ట ఉంటుంది. కిందికి దింపితే కొట్టువాడు సరుకు పెట్టి తాడు రెండుసార్లు గుంజుతాడు, పైవాళ్లు లాక్కుంటారు. బెత్తీనా గురువారం రాత్రి అదే బుట్టని బావిలోకి దింపేది.

సందు మొత్తంలో ఆ బావికి అందరికంటే ఎక్కువ భయపడేవాడు ఆవిడ మేనల్లుడు అనియెల్లో.

అత్త పై అంతస్తులో ఉంటుంది, అతను కింద వీధి గదిలో. నడివయసు, పెళ్లి కాలేదు, కళ్లజోళ్ల దుకాణంలో పని. బొద్దింకంటే భయం, లిఫ్టంటే భయం, కొత్త సంవత్సరం బాణసంచాకి మంచం కింద దూరేంత భయం. అక్కడి లాటరీ అంకెల పుస్తకంలో భయానికి తొంభై. కాబట్టి సందులో అతన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లే లేరు. "ఏవోయ్ తొంభై, నా అద్దాలొచ్చాయా?" అనే అడుగుతారు.

ఒకే ఒక్కచోట మాత్రం అతని పేరు సింహం.

'ఉప్పు మేడ' అని టీవీలో ఒక హత్యల సీరియల్ వస్తుంది, గురువారం గురువారం. ఆ రోజు భాగం అయిపోగానే సీరియల్ వాళ్ల సైటులో ఒక ఆట తెరుచుకుంటుంది — ఒక బొమ్మ, దాని కింద ఒక చిక్కు. విప్పినవాళ్లకి వచ్చేవారం రహస్యం ఓ ముక్క ముందే చూపిస్తారు. ఆ ముక్క కోసం దేశమంతా జుట్టు పీక్కుంటోంది. అనియెల్లో జట్టులో ముగ్గురే. ఆటలో సింహమూ మాటల్లో అనియెల్లోనూ అయిన తను, త్రియెస్తేలో ఉండే ఎర్మేతే అనే రిటైరైన లెక్కల మాస్టారు, తారంతోలో పిల్లలకి ఈత నేర్పే ఒర్తెన్సియా.

ఒర్తెన్సియా నవ్వితే ఇయర్‌ఫోన్లలోంచి గుండెదాకా వినిపించేది. ఆ నవ్వు కోసమే అనియెల్లో లేనిపోని గొప్పలన్నీ చెప్పాడు. దొంగని పట్టుకున్నానన్నాడు. రాత్రిపూట సముద్రంలో ఈదుతానన్నాడు. ఆవిడ నమ్మింది. తనని తొంభై అనుకోని ఆడమనిషి లోకంలో ఆవిడొక్కతే. ఆ ఒక్కతీ పోతే ఇక బతుకులో ఏం మిగలదని అతనికి నిజంగానే దిగులుగా ఉండేది.

ఈ వయసులో టీవీ ఆట ఆడుతున్నాడని వీధిలో తెలిస్తే పరువు పోతుంది. అందుకని కంప్యూటరు బల్లని కిటికీకి దూరంగా జరిపి, లోపలి గోడకి ఆనించి, గోడవైపు తిరిగి మాట్లాడేవాడు. ఆ గోడలో చల్లగాలి కొట్టే చిన్న కన్నం ఉంటే ఫుట్‌బాల్ క్యాలెండరు తగిలించి మూసేశాడు.

అత్తేమో మేనల్లుడు గురువారం పూట భయంతో ముసుగుతన్ని పడుకుంటాడనుకునేది. శుక్రవారం పొద్దున కాఫీ పోస్తూ వార్తలు చెప్పేది.

"ఒరేయ్, రాత్రి బావి ఏమందో తెలుసా? పెళ్లాన్ని నమ్మొద్దంది. కాఫీలో కలిపిందంది."

అనియెల్లో కప్పు కింద పెట్టేశాడు. ముందురోజు రాత్రి తన జట్టు తేల్చింది సరిగ్గా అదే! ఇంకో వారం అత్త నోట అంకెలు విన్నాడు. సైటులోని తాళానికి వాళ్లు వేసి చూసిన అంకెలే అవి.

సంగతి జట్టుకి చెప్పాడు. 

"తెలిసిందా?" అన్నాడు మాస్టారు, గొంతు తగ్గించి. "సీరియల్ వాళ్లు మన మాటలు వింటున్నారు. మనం సరైన దారిలో ఉన్నామని ఆ బావి చేత చెప్పిస్తున్నారు."

 ఆ వారమే సైటులో కొత్త బొమ్మ వచ్చింది — రాతి బావి, ఒర మీద సింహం తల. కింద ఒక్క వాక్యం. 'అడుగున ఉన్నవాడిని అడుగు.'

"మీ బావికీ సింహమే కదూ?" ఒర్తెన్సియా గుసగుసగా అంది. "వచ్చే గురువారం రైలెక్కి వచ్చేస్తున్నా. ఇద్దరం వెళ్లి అడుగుదాం. నువ్వు పక్కనుంటే నాకేం భయం?"

"భయమా? ఆ మాటకి ఇక్కడ అర్థం కూడా తెలీదు," అన్నాడు అనియెల్లో. ఆ వారమంతా తిన్నది ఒంటికి పడితే ఒట్టు.

గురువారం రానే వచ్చింది. ఒర్తెన్సియా కూడా వచ్చింది. పొడుగు మనిషి, ఈతగత్తె భుజాలు, అదే నవ్వు. కంప్యూటరు ఆన్‌లోనే ఉంచమనీ, తాను లైనులో ఉంటాననీ, బావి ఏమంటే అది ఫోనులో చెప్పమనీ మాస్టారు మరీ మరీ చెప్పాడు. అనియెల్లో కంప్యూటరుకున్న ఇయర్‌ఫోన్లు పీకి ఫోనుకి తగిలించుకున్నాడు. తలుపుకి తాళం వేస్తుంటే తాళంచెవి చేతిలోంచి జారిపోతూనే ఉంది.

"చలి," అన్నాడు.

జూన్ నెల. ఉక్కపోతకి సందులో కుక్కలు నాలుకలు బయటపెట్టి పడుకున్నాయి.

మేడ గేటు కిర్రుమంది... లోపల కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. ఆ మందపాటి గోడల మధ్య ఫోనులో సిగ్నలు ఒక్క గీత కూడా లేదు. ఇద్దరూ స్తంభం చాటున నిలబడ్డారు.

బావి దగ్గర కొవ్వొత్తి వెలిగింది.

నల్ల శాలువా కప్పుకున్న ఆకారం ఒకటి... దాని చేతిలోంచి తాడు బావిలోకి దిగుతోంది. వెనక ఇంకో రెండు నీడలు.

"నటులు," ఒర్తెన్సియా అతని చెవిలో ఊదింది. "సీరియల్ వాళ్లే. కదలకు."

నల్ల శాలువా బావిలోకి వంగింది. "బుల్లి సన్యాసీ... నాయనా... ఇవాళ ఇంత ఆలస్యం చేశావేం? ఒంట్లో బాగానే ఉందా?"

"చూశావా," అనియెల్లో గొణిగాడు, పళ్లు టకటకలాడుతుంటే. "మా అత్త గొంతు అచ్చు దించేశారు. ఎంత డబ్బు పోశారో!"

"అడుగు బెత్తీనమ్మా," అంది రెండో నీడ. "కాఫీ ఒక్కటేనా, సూపు కూడా మానెయ్యాలా?"

"ఇంటికి రా, నీకు సూపు చెబుతా," అంది మూడో నీడ.

అంతలో బావి దగ్గింది.

కొవ్వొత్తి వణికింది.  అడుగు నుంచి... ముసలి గొంతు... లోతుగా —

"అనియెల్లో..."

అనియెల్లో స్తంభాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు.

"అనియెల్లో... ఎక్కడున్నావు... పలకవేం..."

"అయ్యో! నా పిల్లాడిని పిలుస్తోంది!" నల్ల శాలువా గుండెలు బాదుకుంది. "వాడొద్దు నాయనా! వాడికి బొద్దింకన్నా భయమే, ఆ చీకట్లో నీ దగ్గరెలా ఉంటాడు? నన్ను తీసుకుపో! వాడు తప్ప నాకెవరున్నారు..."

ఇంత ఏడుపు ఏ నటీ ఏడవలేదు. అది అత్తే.  "అత్తా!" అంటూ అనియెల్లో చాటునుంచి బయటికొచ్చాడు. అతన్ని చూసి ముగ్గురూ దెయ్యాన్ని చూసినట్టే కెవ్వుమన్నారు.

ఆ కేకల మీద బావి ఇంకా గట్టిగా కేకేసింది. "ఒర్తెన్సియా! నువ్వన్నా పలుకు! ఇద్దరూ వెనక్కి వచ్చెయ్యండి! సీరియల్ వాళ్లు ఇప్పుడే చెప్పారు — ఆ బొమ్మలో బావి అట్టతో చేసిందట! స్టూడియోలో!"

ఒర్తెన్సియా బయటికొచ్చింది. "ఇది మాస్టారి గొంతు కదూ?" బావినీ, దాని వెనక గోడనీ మార్చి మార్చి చూసింది. "నీ గదెక్కడ?"

"ఈ గోడ... అవతల."

"నీ కంప్యూటరు ఏ పక్కనుంది?"

 అనియెల్లోకి క్యాలెండరు వెనక కన్నమూ, ఇయర్‌ఫోన్లు పీకి వదిలేసిన కంప్యూటరూ గుర్తొచ్చాయి. బావి ఒర పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు.

"ఇన్నాళ్లూ ఇందులో మాట్లాడింది... నేనే."

రొసారియా ముందు తేరుకుంది. చెప్పు తీసి మొగుడి వైపు తిరిగింది. "ఈ తొంభై గాడి సీరియల్ కబుర్లు విని నా కాఫీ మానేశావా? ఆఁ?"

"తొంభై ఏమిటి?" అడిగింది ఒర్తెన్సియా.

"భయమమ్మా," అన్నాడు సబాతీనో, చెప్పుకి అందకుండా బావి చుట్టూ తిరుగుతూ. "వీడు కొత్త సంవత్సరం నాడు మంచం కింద పడుకుంటాడు."

ఒర్తెన్సియా అతని వైపు చూసింది. "మరి రాత్రిపూట సముద్రంలో ఈత?"

"నాకు ఈతే రాదు," అన్నాడు అనియెల్లో తలెత్తకుండా. ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే అంత బాధ ఉండేది కాదు. ఆ బావిలో దూకేద్దామనిపించింది, కానీ దానికీ భయమే.

అత్త కళ్లు తుడుచుకుంది. మేనల్లుడు బతికున్నందుకు ఓసారి ముద్దు పెట్టుకుని, తప్పుడు అంకెలిచ్చినందుకు నెత్తి మీద ఒక్కటి మొట్టింది. తర్వాత ఏదో ఆలోచనలో పడింది.

"అది సరే గానీ ఒరేయ్... మాటలంటే నువ్వు మాట్లాడావు. మరి నా తరాల్లి ఎవడు తిన్నట్టు?"

"ఏ తరాల్లి?"

"వారం వారం ఈ బుట్టలో దింపుతున్నానుగా. ఒక్క పలుకు కూడా మిగలకుండా వచ్చేది పళ్లెం."

"ఆ కన్నంలో నా చెయ్యే పట్టదు అత్తా."

 సబాతీనో పరుగు ఆపాడు. బుట్ట ఇంకా బావిలోనే ఉంది. తాడు అత్త చేతిలో ఉంది.

తాడు కదిలింది.

ఒకసారి గుంజింది... మళ్లీ ఇంకోసారి. అచ్చం కొట్టువాడు సరుకు పెట్టి గుంజినట్టు.

సబాతీనో గేటు దాటేశాడు. అతని వెనకే రొసారియా, ఒక కాలికే చెప్పుతో. అత్త తాడుని మేనల్లుడి చేతిలో పడేసి, ఆ వయసులో ఆ పరుగేమిటో గానీ, రొసారియా కంటే ముందు వీధిలో ఉంది. ఒర్తెన్సియా గోడకి అతుక్కుపోయింది.

అనియెల్లో కూడా పారిపోయేవాడే. జీవితంలో ఏనాడూ ఆ అవకాశం వదులుకోలేదు. కానీ కాళ్లు రాలేదు... ఎంత బతిమాలినా రాలేదు. చేతులు మాత్రం వాటి పని అవి మొదలెట్టాయి. తాడు రెండుసార్లు గుంజితే లాగడం ఆ సందులో పుట్టినవాడు ఆలోచించి చేసే పని కాదు. చిన్నప్పటి నుంచి అత్త బుట్ట లాగిన చేతులవి. లాగుతూనే ఉన్నాయి.

అతని మోచేతిని ఎవరో పట్టుకున్నారు. ప్రాణం పోయిందనుకున్నాడు. ఒర్తెన్సియా. ఆవిడ చెయ్యి మంచులా ఉంది.

"అందరూ పారిపోయారు," అంది గుసగుసగా. "నువ్వొక్కడివే ఉన్నావు. మళ్లీ అబద్ధమాడావు కదూ... పిరికివాడినని?"

కాళ్లు రాలేదని నిజం చెప్పెయ్యాలనుకున్నాడు. నాలుక కూడా రాలేదు. ఆవిడ ఇంకా గట్టిగా పట్టుకుంది.

బుట్ట ఒర దాకా వచ్చింది. ఇద్దరూ వంగి చూశారు.

తరాల్లి లేవు. పళ్లెం శుభ్రంగా కడిగి ఉంది. ఖాళీ పళ్లెం తిప్పి పంపితే బాగుండదనుకున్నారు కాబోలు, అందులో ఒక నిమ్మకాయ పెట్టారు... పచ్చటి ఆకుతో సహా, నీళ్లోడుతూ.