తెల్లగడిలో పసుపు

ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో చాయ్ తాగి రోడ్డు దాటుతున్న ఇంజనీర్ ఉప్పలయ్యను నంబర్ ప్లేట్ లేని టిప్పర్ గుద్దేసింది. రోడ్డు మీద బ్రేక్ వేసిన జాడ లేదు. పోలీసులు యాక్సిడెంట్ అన్నారు. హైదరాబాద్‌లో కూర్చున్న ఇంటెలిజెన్స్ చీఫ్ రత్నాకర్ మాత్రం హత్య అన్నాడు.

ఏజెంట్ తహూరాను పిలిపించి తలుపు వేశాడు.

పుట్టిన బిడ్డకు పసిరికలు, అంటే పచ్చకామెర్లు, ఉన్నాయో లేదో ఫోన్ కెమెరాతో తేల్చే యాప్‌ను ఉప్పలయ్యే తయారు చేశాడు. రంగుల గడులున్న కార్డు బిడ్డ ఛాతీ మీద పెట్టి ఫోటో తీస్తే చాలు. ఆకుపచ్చ గుర్తు వస్తే ఇంటికి, ఎర్ర గుర్తు వస్తే రక్తపరీక్షకు. ఇది ఊరూరా పాకితే 'కోబాల్ట్' అనే విదేశీ ముఠా అమ్మే ఖరీదైన మెషీన్లను ఎవరూ కొనరు. అందుకే యాప్ అబద్ధం చెప్పాలి, కొందరు పసిపిల్లలు పాడైపోవాలి, పేపర్లు గగ్గోలు పెట్టాలి. కోబాల్ట్ ప్లాన్ అదీ.

"పసిరికలు ముదిరితే మెదడుకెక్కుతయి," అన్నాడు రత్నాకర్. "తర్వాత ఏ డాక్టరూ ఏం చేయలేడు. రేపు సిద్దిపేట దవాఖానల యాప్ ఓపెనింగ్. కోబాల్ట్ లోపల మన మనిషొకామె ఉంది. కలువు."

మర్నాడు పొద్దున కోమటి చెరువు తీగల వంతెన మీద నెమలికంఠం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు కనిపించాయి. బురఖాలో ఉన్న తహూరా పక్కన నిలబడి కోడ్ చెప్పింది.

"ఫోటో దిగుతరా?"

"వెలుగు సరిపోదు," అంది కృతిక. బయటి ప్రపంచానికి ఆమె దవాఖానలకు సామాన్లు సప్లై చేసే కంపెనీ మేనేజర్.

ప్రజ్ఞాపూర్‌లోని ఒక లాడ్జిలో కోబాల్ట్ సర్వర్ ఉందనీ, ఓపెనింగ్ సమయానికి అక్కణ్నుంచి దొంగ అప్‌డేట్ వదులుతారనీ కృతిక చెప్పింది. చెబుతూ తహూరాను కింది నుంచి పైకి చూసి, ఈ వేషం నీకు బాగా నప్పిందని చిన్నగా నవ్వింది. తహూరా ఆ ఎగతాళిని దిగమింగింది. సిద్దిపేటలోని ముస్లిం ఇంట్లో పుట్టిన మనిషికి బురఖా వేషం కాదని చెప్పడం దండగ.

రత్నాకర్ టీమంతా లాడ్జికి పరిగెత్తింది. తహూరా మాత్రం ప్రసవాల వార్డులో ఎవరో బంధువులా చేరి, పవర్ బ్యాంక్ ఆకారంలో ఉన్న స్కానర్‌తో నర్సుల ఫోన్లు చెక్ చేసింది. అన్నీ క్లీన్. చెవిలోని రిసీవర్‌లో రత్నాకర్ గొంతు: "లాడ్జి ఖాళీ. మనతోని ఆడుకున్నరు."

అప్పటికే ఓపెనింగ్ అయిపోయింది. చిన్నకోడూరు నుంచి వచ్చిన ఐలవ్వ మనవరాలి ఛాతీ మీద కార్డు పెట్టి నర్సు ఫోటో తీసింది. ఆకుపచ్చ గుర్తు. ఆఫీసర్లు, వాళ్ల పక్కనే నిలబడ్డ కృతిక చప్పట్లు కొట్టారు.

ఐలవ్వ కదల్లేదు. పిల్ల పాలు తాగడం లేదని, లేపినా లేవడం లేదని గట్టిగా చెప్పింది. డాక్టర్ సుశీల విసుక్కుంది. ఇంతమంది ముందు గొడవ చేయొద్దని, ఆటో తెచ్చుకుని ఇంటికి పొమ్మని కసిరింది. వార్డులో ఎవరూ ముసలమ్మ వైపు మాట్లాడలేదు. ఆమె కోడలు ఏడుస్తూ సంచి సర్దుకుంది. కిటికీ బయట మండలాలకు కార్డులు మోసుకెళ్లే వ్యాన్లు స్టార్ట్ అవుతున్నాయి.

తహూరా బుర్ర వేడెక్కింది. ఫోన్ మంచిదే. యాప్ మంచిదే. మరి?

నర్సు కార్డును ట్రేలో దూది పక్కన పెట్టింది. తహూరా చూపు అక్కడే ఆగిపోయింది. దూది పక్కన కార్డులోని తెల్లగడి తెల్లగా లేదు. సన్నగా పసుపు కొట్టింది. ఆ గడినే తెలుపు అనుకున్న ఫోన్, బిడ్డ ఒంటి మీది పసుపును లైటు తప్పని కొట్టేస్తోంది.

దొంగ అప్‌డేట్ అని అందరి చూపునూ ఫోన్ల మీదికి తిప్పింది కృతిక. కార్డులు సప్లై చేసిందీ కృతికే.

"వ్యాన్లు ఆపండి సార్. మోసం కార్డులల్ల ఉంది," అని రిసీవర్‌లో చెప్పి తహూరా తలుపుకు అడ్డం నిలబడింది. "ఆ పిల్లను తీసుకపోవద్దు. రక్తం తీయున్రి."

సుశీల మొహం ఎర్రబడింది. "నువ్వెవరు చెప్పనీకి?"

తహూరా కార్డును, దూదిని పక్కపక్కనే ఆమె కళ్ల ముందు పెట్టింది. సుశీల చూసింది. మళ్లీ చూసింది. బిడ్డను అందుకుని పరిగెత్తింది.

వెనక సెంటు వాసన. తహూరా పక్కకు తప్పుకుంది. కృతిక చేతిలోని జడసూది బురఖా చెరగును చీల్చి గోడకు గుచ్చుకుంది. తహూరా ఆమె మణికట్టు వెనక్కి విరిచి నేలకు అదిమింది.

"ఉప్పలయ్యకు ఈ సంగతి తెలిసింది. అందుకే చంపించినవ్," అంది.

"వాడు ఊరికే ఉండాల్సింది," అంది కృతిక, చెంప నేలకు ఆనించి. "ఈ పల్లెటూరి పిల్లల కోసం ఇంత గోలా?"

తహూరా పట్టు మరింత బిగించింది.

చివరి వ్యాన్ గేటు దాటుతుండగా ఆపామని రత్నాకర్ చెప్పాడు. రక్తపరీక్ష రిపోర్టు అంతకంటే భయపెట్టింది. ఇంటికి పంపి ఉంటే బిడ్డ దక్కేది కాదు.

పసిరికలు తగ్గించే నీలం లైటు కింద, కళ్లకు గంతలతో పసిదాన్ని పడుకోబెట్టారు. కాసేపటికి అది కాళ్లు తన్ని ఏడ్చింది. ఆ ఏడుపు విని తహూరా మొదటిసారి గోడకు ఆనుకుంది. ఐలవ్వ మాత్రం ఎవరినీ క్షమించలేదు. తహూరాను కూడా అనుమానంగా చూసింది.

"లైటు కింద పండవెట్టిన్రు, మంచిదే. కరెంట్ పోతే ఎట్ల?"

విదేశీ ముఠాలు చిత్రహింసలు పెట్టినా నోరు విప్పకుండా ఉండటంలో తహూరాకు ట్రైనింగ్ ఉంది. ఐలవ్వ ముందు అది పనికిరాలేదు. చూసొస్తానని చెప్పి, జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో తెలుసుకోవడానికి మెట్లు దిగింది.