మగ పంజరంలో ఆడ ఎలుకలు

‘మగవి’ అని చీటీ అంటించిన పంజరాల్లో ఒక్క మగ ఎలుకా లేదు.

యోగేందర్ ఇంకోసారి చూశాడు. సందేహం లేదు, అన్నీ ఆడవే. ఇంటెలిజెన్స్‌లో ముప్పై ఏళ్లు చేసి, చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లోని ఈ ల్యాబ్‌లో స్వీపర్ వేషం కట్టి ఎలుకల పెంట ఎత్తుతున్నాడు. నడుము పట్టేసింది.

మిషన్ చిన్నదే. పుట్టగానే ఊపిరాడని పసికందుల మెదడును, వినికిడిని కాపాడే మందు తయారైందని ఓ విదేశీ ముఠా చెబుతోంది. ఆ దెబ్బ ఆడపిల్లల కన్నా మగపిల్లలకే గట్టిగా తగులుతుంది. అలాంటి మగపిల్లలనూ మందు కాపాడుతుందని ముఠా నడిపే ఈ ల్యాబ్ మాట. ఊపిరాడకుండా చేసి మందిచ్చిన మగ ఎలుకలు చిన్న చప్పుడుకే ఉలిక్కిపడ్డాయట, అంటే వినికిడి దెబ్బతినలేదట. నిజమో కాదో తేల్చాలి.

తేలింది. ఉలిక్కిపడినవి ఆడవి.

ఎల్బీనగర్ దవాఖానలో మొదటి ఇంజెక్షన్ ఇవాళే. మీర్‌పేట్ నుంచి కాన్పుకొచ్చిన సంతోషి అనే ఆమె కొడుకు పొద్దున పుట్టి ఏడవలేదు. ఒళ్లు చల్లబరిచే మామూలు వైద్యం మానేసి వాడికి ఈ మందు ఎక్కిస్తారు. అది పనిచేయకపోతే పిల్లాడికి రెండూ లేనట్టే.

ఆ దవాఖానలో మందు సీసా అరుణశ్రీ చేతిలో ఉంది. పట్టుచీర, నల్లకళ్లద్దాలు. ముఠాకు సేల్స్ మేనేజర్, మన ఇంటెలిజెన్స్‌కు ఏజెంట్. నిజంగా ఎవరి మనిషో యోగేందర్‌కు ఏనాడూ అంతుపట్టలేదు. చెవిమిషన్‌లా కనిపించే ట్రాన్స్‌మిటర్ నొక్కాడు.

“బత్తాయిలు కుళ్లినయ్.”

గడ్డిఅన్నారం నుంచి పండ్ల మార్కెట్ పోయినా, ‘సరుకు పనికిరాదు, ఆపెయ్’ అనడానికి ఆఫీసు కోడ్ మాత్రం మారలేదు.

అవతల గాజు పగిలిన శబ్దం.

“అయ్యో, చెయ్యి జారింది డాక్టర్‌గారూ,” అంటోంది అరుణశ్రీ. కాసేపటికి గొంతు తగ్గించి, “సూది ఎక్కించవోతుంటే చెప్పినవన్నా. పిల్లగాణ్ణి చల్లటి పరుపు మీద పండవెడ్తున్నరు. సీసా పైసలు నీ జీతంల కోస్తరేమో, జర చూస్కో.”

యోగేందర్ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ల్యాబ్ హెడ్ గంగాధరరావు. అంతా విన్నాడు. పారిపోలేదు. స్టూలు లాక్కుని కూలబడ్డాడు.

“ఎందుకు మార్చినవ్ సారూ?”

గంగాధరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“మందు నకిలీది కాదండీ. ఆడపిల్లలకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మగపిల్లలకే పనిచెయ్యదు. ఆ మాటే మందు అమ్మేవాళ్లకి చెప్పాను. ఆడపిల్లల కోసం మందు ఎవడు కొంటాడని నవ్వారు. అప్పుడు చీటీలు నేనే మార్చానండీ. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.”